చర్చి గోడలో తెరిచిన కిటికీ: లేకాక్ మఠం కథ

1835 ఆగస్టులో తీసిన ఫొటో నెగటివ్ ఒకటి ఇప్పటికీ భద్రంగా ఉంది. తపాలా బిళ్ళంత ఉంటుంది, అంతే. ఊదారంగుకు తిరిగిన చిన్న కాగితమ్ముక్క మీద ఒక కిటికీ నీడలా కనిపిస్తుంది. కిటికీ నిండా గళ్ళు గళ్ళుగా బిగించిన అద్దపు పలకలు. కెమెరాతో తీసిన నెగటివ్‌లలో నేటికీ మిగిలినవాటిలో ఇంతకన్నా పాతది లేదు. తీసిన మనిషి విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్. కొత్తలో భూతద్దం పెట్టి చూస్తే సుమారు 200 పలకలు లెక్కకు వచ్చేవని దాని పక్కన తన చేత్తోనే రాసిపెట్టాడు.

ఫొటోగ్రఫీ చరిత్రలో ఈ కిటికీకి దక్కిన పేరు దాన్ని మోస్తున్న గోడకు దక్కలేదు. నిజానికి గోడ కథే పెద్దది. అది లేకాక్‌లో 13వ శతాబ్దంలో క్రైస్తవ సన్యాసినుల కోసం కట్టిన చర్చికి ఉత్తరపు గోడ. చర్చిని 16వ శతాబ్దంలో పడగొట్టారు, ఈ ఒక్క గోడను మాత్రం ఉంచారు. ఒక ముఖం చర్చి వైపు, రెండో ముఖం మఠం వైపు ఉన్న గోడ అది. దాన్ని కూల్చితే మఠం కూడా దాంతోపాటే ఒరిగేది. ఇప్పుడు కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తే పచ్చిక మైదానం కనిపిస్తుంది. సన్యాసినులు రాత్రింబవళ్ళు ఎనిమిది వేళల్లో ప్రార్థనలు పాడిన చోటు అదే.

లేకాక్ ఇంగ్లండ్ నైరుతి భాగంలో, విల్ట్‌షర్‌లో, ఏవన్ నది ఒడ్డున ఉన్న పల్లె. మఠాలు జమీందారీ భవంతులుగా మారిన కథలు ఆ దేశంలో కొల్లలు. వాటిలో లేకాక్‌ది చెప్పుకోదగ్గ కథ. ఎందుకంటే మఠం ఎక్కడ ఆగిందో ఇల్లు ఎక్కడ మొదలైందో అక్కడ కంటితో చూడవచ్చు. మెట్లకు కింద మఠం, మెట్లకు పైన ఇల్లు. ఆ కట్టడం ఇన్నాళ్ళు నిలవడానికి భక్తి చేసిన సాయం తక్కువ. డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలో, ఎక్కడ పెట్టనక్కర్లేదో బాగా ఎరిగిన ఒక దొంగ లెక్కల మనిషి చేసిన సాయమే ఎక్కువ.

దొరసాని మఠం

మఠాన్ని స్థాపించింది ఈలా అనే దొరసాని. సాల్స్‌బరీ ఎర్ల్ సంస్థానానికి చిన్ననాటనే వారసురాలైంది. రెండో హెన్రీ రాజుకు వివాహేతర సంతానమైన విలియం లాంగెస్పేకు ఆమెనిచ్చి పెళ్ళి చేశారు. అతడు 1226లో చనిపోయాడు. ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. పైగా రాజు తరఫున పన్నులు వసూలు చేసి న్యాయపాలన చూసే షెరిఫ్ పదవిని విల్ట్‌షర్‌లో తానే నిర్వహించింది. ఆ కాలంలో ఆ పదవి చేపట్టిన ఆడవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంత మందే.

1232 ఏప్రిల్ 16న ఈలా రెండు మఠాలకు శంకుస్థాపన చేసింది. పొద్దున లేకాక్‌లో సన్యాసినుల మఠానికి, మధ్యాహ్నం హింటన్‌లో సన్యాసుల మఠానికి. కొన్నేళ్ళకు తానే ముసుగు వేసుకుని లేకాక్ మఠంలో చేరి, మఠాధ్యక్షురాలై, 1257లో వృద్ధాప్యం వల్ల ఆ పదవి వదులుకుంది. 1261లో కన్నుమూసింది. ఆమెను చర్చిలో పూడ్చిపెట్టారు. ఇప్పుడు చర్చి లేదు కాబట్టి ఆమె సమాధి పలక మఠం నడవలోకి చేరింది.

మఠం పెట్టెల్లో ఒక తోలు పత్రం కూడా ఉండేది. రాజు అధికారానికి హద్దులు గీసిన మాగ్నా కార్టాను 1225లో మూడో హెన్రీ తిరిగి జారీ చేసినప్పుడు విల్ట్‌షర్‌కు వచ్చిన ప్రతి అది. జిల్లా యోధులు దాచిపెట్టమని ఇచ్చినదని దాని వెనుక రాసి ఉంది. మఠాలు ప్రార్థనా స్థలాలే కాదు, నమ్మకంగా సొత్తు దాచుకునే చోట్లు కూడా. ఏడు శతాబ్దాలు ఆ పత్రం లేకాక్ గడప దాటలేదు.

ఇక కట్టడం. యూరపు మఠం అంటే ఎలా ఉంటుందో తెలుగువాళ్ళు ఊహించుకోవడం కష్టం కాదు, మండువా లోగిలిని తలచుకుంటే చాలు. నడుమ ఆకాశం కనిపించే చదరపు ఖాళీ, చుట్టూ నాలుగు వైపులా కప్పు వేసిన నడవ, నడవలోకి తెరుచుకునే గదులు. కర్ర స్తంభాల బదులు రాతి స్తంభాలు, పెంకుల బదులు ఒకదాన్నొకటి కోసుకుంటూ పోయే రాతి కమానులు. నాలుగు వైపుల్లో ఒక వైపు మొత్తాన్ని చర్చి ఆక్రమిస్తుంది, అదే తేడా. మామూలుగా చర్చి ఉత్తరాన, మండువా దక్షిణాన ఉంటాయి. అలా ఉంటే చలిదేశంలో నడవకు ఎండ తగులుతుంది. లేకాక్‌లో ఇది తిరగబడింది. చర్చి దక్షిణాన ఉండి ఎండను తాను తీసుకుని, మండువాను నీడలో ఉంచింది. ఈ తిరకాసు గుర్తుంచుకోవాలి, ఫొటో దగ్గరికి వచ్చేసరికి పనికొస్తుంది.

తూర్పు వైపు నేల మీద పూజా సామగ్రి గది, మఠం సభ జరిగే మందిరం, చలి కాచుకునే గది వరసగా ఉన్నాయి. వాటి మీద పడకశాల. ఉత్తరాన పై అంతస్తులో భోజనశాల. చలి కాచుకునే గదిలో ఒక పెద్ద లోహపు కాగు ఉంది. 1500లో ఇప్పటి బెల్జియంలోని మెహెలెన్ పట్టణంలో పోత పోసినది, చేసినవాడి పేరు దాని మీదే ఉంది. పెళ్ళిళ్ళలో అన్నం వండే గంగాళాన్ని చూసినవాళ్ళకు అది ఏమంత వింతగా అనిపించదు.

పాత ఫ్రెంచి మాట్లాడిన సన్యాసినులు

ఎనిమిదో హెన్రీ రోమ్‌లోని పోప్‌తో తెగతెంపులు చేసుకుని, 1534లో ఇంగ్లండ్ చర్చికి తానే అధిపతినని చట్టం చేయించుకున్నాడు. మరుసటి ఏడాది అతడి మంత్రి థామస్ క్రామ్‌వెల్ దేశంలోని మఠాల ఆదాయాలన్నీ లెక్క కట్టించాడు. తప్పులు వెతకడానికి తనిఖీదారులను పంపాడు. లేకాక్‌కు వచ్చినవాళ్ళలో జాన్ ఆప్ రైస్ ఒకడు. చాలా మఠాల గురించి చెడుగా రాసిన ఆ బృందానికి లేకాక్‌లో వేలెత్తి చూపడానికి ఏమీ దొరకలేదు. దొరికింది ఒక వింత. అక్కడి సన్యాసినుల నియమావళి ఫ్రెంచిలో ఉంది, వాళ్ళకు ఆ భాష చక్కగా వచ్చు. అయితే అది ఫ్రాన్సులో అప్పుడు మాట్లాడుతున్న ఫ్రెంచి కాదు, ఇంగ్లండ్ న్యాయస్థానాల పాత పుస్తకాల్లో కనిపించే ఫ్రెంచిలా ఉందని ఆప్ రైస్ క్రామ్‌వెల్‌కు ఉత్తరం రాశాడు. ఈలా కాలంనాటి దొరల భాష, బయట అంతా మారిపోయాక కూడా, ఆ నాలుగు గోడల మధ్య మూడు వందల ఏళ్ళు బతికి ఉందన్నమాట. మూతపడుతున్న మఠం గురించి ఇంతకన్నా అందమైన సాక్ష్యం మరొకటి దొరకడం కష్టం. అదీ మూయించడానికి వచ్చినవాడి కలం నుంచి.

1536 చట్టం ఏడాదికి 200 పౌండ్ల కన్నా తక్కువ రాబడి ఉన్న మఠాలను మూయమంది. లేకాక్ నికర ఆదాయం ఆ గీతకు దిగువనే ఉంది. మఠం రాజుకు 300 పౌండ్లు కట్టి, కొనసాగడానికి అనుమతి కొనుక్కుంది. అంటే ఏడాది రాబడి కన్నా ఎక్కువ సొమ్ము. దానితో దక్కింది రెండేళ్ళ గడువు మాత్రమే. 1539 జనవరి 21న ఆఖరి మఠాధ్యక్షురాలు జోన్ టెమ్స్ మఠాన్ని రాజుకు అప్పగించింది. ఆమెకు ఏటా 40 పౌండ్ల పింఛను ఇచ్చారు. మరుసటి ఏడాది వసంతానికి దేశంలో ఒక్క మఠం కూడా మిగలలేదు. సుమారు 800 సంస్థలు నాలుగేళ్ళలో కనుమరుగయ్యాయి.

అప్పగించిన మఠాల్లో రాజు మనుషులు మొదట చూసేది పైకప్పు వైపు. చర్చి కప్పుల మీద పరిచిన సీసం, గంటల్లోని కంచు రాజుగారి సొత్తు. యార్క్‌షర్‌లోని రోష్ మఠంలో ఏం జరిగిందో ఆ ప్రాంతపు మతగురువు ఒకరు తరవాత రాసిపెట్టారు. గాయకబృందం కూర్చునే చెక్క పీటలను పగలగొట్టి మంట వేసి, ఆ మంట మీద సీసాన్ని కరిగించారట. ఊరివాళ్ళు కూడా తలా ఒక చెయ్యి వేశారు. ఆ దోపిడీలో పాలు పంచుకున్న తన తండ్రిని ఆ గురువు అడిగాడు: సన్యాసుల మీద నీకు చెడు అభిప్రాయం ఉండేదా అని. లేదన్నాడు తండ్రి. మరి ఎందుకు చేశావంటే, అంతా పోతోందని కళ్ళారా చూస్తున్నాను, అందరికీ దక్కే లాభం నాకెందుకు దక్కకూడదు అన్నాడు. మత సంస్కరణ గురించి రాసిన ఎన్నో సిద్ధాంత గ్రంథాల కన్నా ఈ ఒక్క జవాబే ఎక్కువ విషయం చెబుతుంది.

కప్పు మీద సీసం పోయాక గోడలు వానకు తడిసి, మొక్కలు మొలిచి, రాయి పిడికెడు పిడికెడు రాలిపోతుంది. ఇంగ్లండ్‌లో ఎవరూ కాపురం పెట్టని మఠాలు ఎక్కువగా ఇలాగే మొండిగోడలయ్యాయి. కొన్నవాడు అక్కడే వంట చేసుకుని, పడుకుని, వాన కురిసినప్పుడు కప్పు కారితే బాగు చేయించుకున్న చోట మాత్రమే మఠాలు నిలిచాయి.

టంకశాల దొంగ

లేకాక్‌ను 1540లో 783 పౌండ్లకు కొన్నవాడు విలియం షారింగ్టన్. నార్ఫోక్‌లో పుట్టి రాజాస్థానంలో చిన్న ఉద్యోగాల నుంచి పైకి వచ్చాడు. 1546లో బ్రిస్టల్ టంకశాలలో ఉప కోశాధికారి అయ్యాడు. అక్కడ మొదలైంది అసలు కథ.

ఆ రోజుల్లో రాజే నాణేల్లో వెండి తగ్గించి రాగి కలిపిస్తున్నాడు. ఆఖరి దశలో నాణెంలో మూడింట ఒక వంతే వెండి. చెలామణీలో పైపూత అరిగి నాణెం మీది హెన్రీ బొమ్మ ముక్కు ఎర్రగా బయటపడేది. జనం రాజుకు ‘రాగి ముక్కు’ అని పేరు పెట్టారు. ఇలాంటి టంకశాలలో లెక్కలు రాసేవాడికి నీతి నేర్పేవాళ్ళెవరు? వద్దన్న కాలంలో నాణేలు ముద్రించడం, అంచులు కత్తిరించి వెండి మిగుల్చుకోవడం, దొంగ లెక్కలు రాసి అసలు పుస్తకాలు మాయం చేయడం, ఇవన్నీ చేశానని తరవాత షారింగ్టనే ఒప్పుకున్నాడు. బాలరాజు ఆరో ఎడ్వర్డ్ మేనమామ థామస్ సీమోర్ అధికారం కోసం పన్నాగాలు పన్నుతున్నాడు. అతడికి టంకశాల నుంచి 10,000 పౌండ్లు సమకూర్చే ఒప్పందం ఉందన్నది మరో ఆరోపణ. 1549లో ఇద్దరూ పట్టుబడ్డారు. సీమోర్ తల తెగింది. షారింగ్టన్ తన మీద, సీమోర్ మీద అన్నీ చెప్పేసి, క్షమాభిక్ష పొంది, జప్తయిన ఆస్తులను భారీ మొత్తం చెల్లించి తిరిగి సంపాదించుకున్నాడు. దొంగసొమ్ము తిరిగి కట్టినందుకు ప్రఖ్యాత బోధకుడు హ్యూ లాటిమర్ రాజు ఎదుటే ప్రసంగంలో అతడిని మెచ్చుకున్నాడు. 1552లో షారింగ్టన్ విల్ట్‌షర్‌కు షెరిఫ్ కూడా అయ్యాడు. మూడు వందల ఏళ్ళ కింద ఈలా కూర్చున్న పదవి అది.

ఇంటి విషయంలో మాత్రం ఈ మనిషి లెక్క తప్పలేదు. చర్చి కాపురానికి పనికిరాదు. ఎత్తైన ఒకే పెద్ద హాలు, వెచ్చబరచడం అసాధ్యం. దాన్ని పడగొట్టించాడు. మిగిలిన మూడు వైపులా రెండంతస్తుల్లో గదులు ముందే ఉన్నాయి. ఇంగ్లండ్ పెద్దింటివాళ్ళు పై అంతస్తులో ఉండటానికే ఇష్టపడేవారు. కింద తడి, చలి, నౌకర్ల రాకపోకలు. షారింగ్టన్ డబ్బంతా పైన ఖర్చు పెట్టాడు. సన్యాసినుల గదులను కలిపి, పొడవాటి వసారాలు, కొత్త కిటికీలు, పొయ్యిలు పెట్టించాడు. కింది అంతస్తు జోలికి పోలేదు. అందంగా ఉందనో పవిత్రమనో కాదు, దాన్ని మార్చాల్సిన అవసరం అతడికి కనిపించలేదు. కమానుల గదులు కట్టెలకు, పీపాలకు, పనివాళ్ళకు బాగానే సరిపోయాయి. మండువా చుట్టూ నడవ ఇంటి కింద చల్లగా, చెక్కుచెదరకుండా ఉండిపోయింది. ఈ రోజు లేకాక్‌లో సందర్శకులు తల పైకెత్తి చూసే కమానులన్నీ ఆ పట్టనితనం పుణ్యమే. మంత్రవిద్య నేర్చుకునే పిల్లల కథతో తీసిన సినిమాలకు ఆ నడవలను పాఠశాల వరండాలుగా వాడుకున్నారు.

షారింగ్టన్ కట్టించినవాటిలో దాపరికం లేనిది ఉత్తరం వైపు బీరు కాచే ఇల్లు, రొట్టెలు కాల్చే గది, గుర్రాల శాలలతో కూడిన వాకిలి. దాపరికం ఉన్నది ఆగ్నేయ మూలన ఎనిమిది ముఖాల బురుజు. మధ్య అంతస్తులో విలువైన పత్రాలు, వస్తువులు దాచుకునే గది. పై అంతస్తుకు ఇంట్లోంచి దారి లేదు, కప్పు మీద నడిచి వెళ్ళాలి. నలుగురు స్నేహితులను వెంటబెట్టుకుని వెళ్ళి, మద్యం తాగుతూ తన పొలాలన్నీ చూపించుకునే గది అది. రెండు గదుల్లోనూ ఎనిమిది కోణాల రాతి బల్లలున్నాయి. మధ్య గదిలో బల్లను చెక్కిన మొరటు దేవతలు మోస్తుంటారు. ఇటలీ పునరుజ్జీవన శైలి ఇంగ్లండ్‌లోకి ఇంకా సరిగా అడుగుపెట్టని రోజుల్లో, రాజు దగ్గర పనిచేసిన జాన్ చాప్‌మన్ అనే శిల్పి చేత చేయించిన పని. షారింగ్టన్ వంశచిహ్నం తేలు. రాతిలో అక్కడక్కడా తేలు బొమ్మ కనిపిస్తుంది. అతడి చరిత్ర తెలిసినవాళ్ళకు ఆ చిహ్నం ఎంపిక నవ్వు తెప్పిస్తుంది.

మరి మిగతావాళ్ళు ఏం చేశారు

ఒక్కొక్కరిది ఒక్కో దారి. హాంప్‌షర్‌లోని మోటిస్‌ఫాంట్‌ను విలియం శాండ్స్ డబ్బుతో కాదు, ఊళ్ళతో కొన్నాడు. తన చెల్సీ, పాడింగ్టన్ గ్రామాలను రాజుకిచ్చి ఆ మఠం పుచ్చుకున్నాడు. ఆ రెండు ఊళ్ళూ నేడు లండన్ నడిబొడ్డున ఉన్నాయి. ఇంతకన్నా నష్టపు బేరం ఆ దేశ చరిత్రలో అరుదు. శాండ్స్ షారింగ్టన్‌కు తలకిందులుగా ఆలోచించి, చర్చి మధ్యభాగాన్నే ఇల్లు చేసుకున్నాడు. డెవన్‌లోని బక్లండ్‌లో గ్రెన్‌విల్ కుటుంబం కూడా అదే పని చేసింది. చర్చి లోపల అడ్డంగా అంతస్తులు దించింది. నేటికీ బయటి నుంచి చూస్తే అది గోపురమున్న చర్చే. 1581లో దాన్ని కొన్నవాడు ఫ్రాన్సిస్ డ్రేక్. స్పెయిన్ ఓడలను కొల్లగొట్టి తెచ్చిన సొమ్ముతో కొన్నాడు. టిచ్‌ఫీల్డ్‌లో థామస్ రయథ్‌స్లీ ఇంకా దూకుడుగా పోయి చర్చి నట్టనడుమ నుంచి కోటద్వారం లేపాడు. ఆ భవనాన్ని 1781లో పడగొట్టారు, ద్వారం మాత్రం ఖాళీ కిటికీలతో నిలబడి ఉంది.

నాటింగమ్‌షర్‌లోని న్యూస్టెడ్‌లో చర్చి ముఖభాగం ఒక్కటే మిగిలింది, దాని వెనుక ఆకాశం తప్ప ఏమీ లేదు. దాని పక్కనే ఇల్లు. 1540లో కొన్న సర్ జాన్ బైరన్ సంతతివాడే కవి బైరన్. కప్పు కారే ఆ ఇల్లు అతడికి పదేళ్ళప్పుడు సంక్రమించింది. దాని మీద కవితలు రాశాడు, అప్పుల పాలై అమ్మేశాడు.

దేవుడి సొమ్ము తిన్నవాడి వంశం నిలవదన్న మాట తెలుగు ఊళ్ళలో కొత్తది కాదు. దానశాసనాల చివర శాపశ్లోకం ఉంటుంది: తానిచ్చినదైనా ఇతరులిచ్చినదైనా దానభూమిని లాక్కున్నవాడు అరవై వేల ఏళ్ళు అశుద్ధంలో పురుగై పుడతాడని. ఇంగ్లండ్‌లో కూడా ఇదే భయం పుట్టింది. 17వ శతాబ్దంలో హెన్రీ స్పెల్‌మన్ అనే పండితుడు మఠాల భూములు కొన్న కుటుంబాలను పరిశీలించి, వాళ్ళకు వారసులు నిలవలేదని ఒక గ్రంథమే రాశాడు. షారింగ్టన్ ఉదాహరణ అతడి వాదానికి సరిపోతుంది. మూడు పెళ్ళిళ్ళు చేసుకున్నా పిల్లలు లేకుండా 1553లో చనిపోయాడు. అయితే తిప్పి చూస్తే ఈ లెక్క తేలదు. ఇంగ్లండ్ భూస్వామి కుటుంబాల్లో మగ వారసత్వం తెగిపోవడం మఠం కొన్నా కొనకపోయినా మామూలే. పైగా లేకాక్ షారింగ్టన్ తమ్ముడికి వెళ్ళి, అతడి కూతురు ఆలివ్ ద్వారా టాల్బట్ వంశంలో చేరి, అక్కడే దాదాపు నాలుగు వందల ఏళ్ళు ఉండిపోయింది. శాపం ఆ దారి మరచినట్టుంది.

ఆలివ్ పెళ్ళి గురించి ముచ్చట్లు సేకరించే జాన్ ఆబ్రీ ఒక కథ రాశాడు. తండ్రికి ఇష్టంలేని జాన్ టాల్బట్‌తో ఆమె ఒక రాత్రి పిట్టగోడ మీది నుంచి మాట్లాడుతూ, దూకేస్తాను అంది. అతడు నమ్మలేదు. ఆమె దూకింది. గాలికి లంగా ఉబ్బి వేగం కొంత తగ్గించిందట. చేతుల్లోకి తీసుకున్నవాడు మాత్రం నేల మీద పడి చచ్చినట్టే పడి ఉన్నాడు. ఇంతదూరం దూకాక పెళ్ళి చేయక ఏం చేస్తానన్నాడు తండ్రి. కథలో ఎంత నిజమో గానీ, పెళ్ళి మాత్రం నిజం.

కృత్రిమ మఠం, అసలు మఠం

18వ శతాబ్దానికి మఠాల మీద పగ చల్లారి మోజు పుట్టింది. కోసుగా తేలిన కమానులు, రంగుల గాజు, పాత రాతిపని, అంటే గోతిక్ శైలి, మళ్ళీ ఫ్యాషన్. జాన్ ఐవరీ టాల్బట్ 1750లలో శాండర్సన్ మిల్లర్ అనే ఔత్సాహిక వాస్తుశిల్పి చేత పడమటి వైపు పాత హాలు స్థానంలో గోతిక్ శైలి హాలు కట్టించాడు. విక్టర్ సేడర్‌బాఖ్ చేత కాల్చిన మట్టితో బొమ్మలు చేయించి గోడ గూళ్ళలో నిలిపాడు. అదొక తమాషా. కింద 13వ శతాబ్దపు అసలు గోతిక్ గదులు, పక్కన 18వ శతాబ్దపు నకలు. అసలైన చర్చిని రెండు వందల ఏళ్ళ కింద పడగొట్టిన ఇంట్లోనే దాని అలంకారాలు మళ్ళీ కొత్తగా కొని పెట్టుకున్నారు. హాలు చక్కగా ఉంటుంది, కాదనలేం. కానీ నడవలోంచి వచ్చిన కంటికి అది పెళ్ళికి వేసిన పందిరిలా తేలికగా అనిపిస్తుంది.

ఆ తరవాత ఇల్లు కష్టాల్లో పడింది. 1800లో హెన్రీ, అంటే కిటికీ ఫొటో తీసిన టాల్బట్, పుట్టిన అయిదు నెలలకే అతడి తండ్రి అప్పులు మిగిల్చి చనిపోయాడు. ఇల్లు అద్దెకిచ్చేశారు. 1827లో తల్లి లేడీ ఎలిజబెత్‌తో కలిసి హెన్రీ తిరిగి వచ్చాడు. ఆమె ఊరుకునే మనిషి కాదు. దక్షిణపు గోడ లోపలి వసారాను బాగుచేయించి, గోడ ముందుకు పొడుచుకు వచ్చే మూడు కిటికీలు పెట్టించింది. చర్చి ఉండి ఉంటే ఆ కిటికీల్లోంచి కనిపించేది ప్రార్థనశాల చీకటి. చర్చి లేదు కాబట్టి దక్షిణపు ఎండ సూటిగా లోపలికి పడింది.

హెన్రీకి గణితం, వృక్షశాస్త్రం, పాత లిపులు అన్నిటి మీదా ఆసక్తే. చిత్రలేఖనం మాత్రం రాదు. 1833లో ఇటలీలోని కోమో సరస్సు దగ్గర అద్దపు పరికరం సాయంతో బొమ్మ గీయబోయి విఫలమై, వెలుగు తనంతట తానే కాగితం మీద నిలిచిపోతే ఎంత బాగుండునని అనుకున్నాడు. తిరిగి వచ్చి ప్రయోగాలు చేశాడు. మంచి రాతకాగితాన్ని ఉప్పునీటిలో ముంచి ఆరబెట్టి, వెండి నైట్రేటు పూస్తే కాగితంలో వెండి క్లోరైడు ఏర్పడుతుంది. వెలుగు తగిలినచోట అది నల్లబడుతుంది. ఊరి వడ్రంగి చేత చిన్న చెక్కపెట్టెలు చేయించి కటకాలు బిగించి, ఇంటి చుట్టూ అక్కడక్కడా పెట్టేవాడు. భార్య కాన్‌స్టన్స్ వాటిని ఎలుకబోనులు అనేది. ఆ కాగితానికి బోలెడంత వెలుగు, చాలా సమయం కావాలి. దక్షిణపు వసారాలో, చర్చి వదిలి వెళ్ళిన ఎండలో, ఎలుకబోను ఎదురుగా కిటికీ ఉంది. మరో వింత ఏమిటంటే, మూడు వందల ఏళ్ళ కింద ఇదే ఇంటివాడు వెండిని నాణేల్లోంచి దొంగిలించాడు. ఇప్పటి ఇంటివాడు అదే లోహాన్ని కాగితం మీద పూస్తున్నాడు.

1839 జనవరిలో పారిస్‌లో డగేర్ అనే ఫ్రెంచివాడి ఫొటో పద్ధతి ప్రకటించేసరికి టాల్బట్ ఉలిక్కిపడి, నెల తిరగకముందే లండన్ రాయల్ సొసైటీకి తన పత్రం సమర్పించాడు. తన బొమ్మను తానే గీసుకున్న తొలి కట్టడం తన ఇల్లేనని అందులో గర్వంగా రాసుకున్నాడు. డగేర్ ఫలకం ఒక్కటే బొమ్మ, నకలు తీయలేం. టాల్బట్‌ది నెగటివ్, దాని నుంచి ఎన్ని ప్రతులైనా అచ్చువేయవచ్చు. 1841లో మరింత మెరుగైన పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. తరవాత నూట యాభై ఏళ్ళకు పైగా ఫిల్ము ఫొటోగ్రఫీ అంతా ఆ సూత్రం మీదే నడిచింది.

ఆ సూత్రానికీ ఆంధ్రకూ ఒక పోగు కలుస్తుంది. 1790లలో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి విడిచి అమరావతికి రాజధాని మార్చి కొత్త ఊరు కట్టిస్తున్నప్పుడు, దీపాలదిన్నె అనే దిబ్బ తవ్వితే ఇటుకలు, రాయి దొరికాయి. అది బౌద్ధుల మహాస్తూపం. రాళ్ళలో చాలా భాగం కట్టడాలకు పోయింది. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరి, మ్యూజియంలో పడి ఉన్నాయి. 1858లో వాటిని మద్రాసు ప్రభుత్వం కోసం ఫొటోలు తీసినవాడు లిన్నేయస్ ట్రైప్. నెగటివ్ తీసి, ప్రతులు అచ్చువేసే పద్ధతిలోనే. మరుసటి ఏడాది చాలా శిల్పాలు లండన్ ఓడ ఎక్కాయి. అమరావతిలో రాయి కదిలిపోయింది, కట్టడం మాయమైంది. లేకాక్‌లో చర్చి ఒక్కటి పోయి మిగతాది ఉండిపోయింది. తేడా రాజు మంచివాడా, జమీందారు చెడ్డవాడా అన్నదాంట్లో లేదు. లేకాక్‌లో రాళ్ళ నడుమ కాపురముండటానికి ఒకడు సిద్ధపడ్డాడు. స్తూపంలో కాపురం ఉండటానికి గదులే లేవు.

1916లో లేకాక్ ఇల్లు హెన్రీ టాల్బట్ మనవరాలు మటిల్డా చేతికి వచ్చింది. 20వ శతాబ్దపు పన్నులకు, మరమ్మతులకు ఇలాంటి ఇళ్ళు వందలాదిగా నేలమట్టమవుతున్న రోజులవి. ఆమె 1944లో మఠాన్ని, దాంతోపాటు ఊరినీ పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్టు అనే సంస్థకు దానమిచ్చింది. మాగ్నా కార్టా పత్రాన్ని ఆ తరవాత బ్రిటిష్ మ్యూజియానికి ఇచ్చేసింది. కాగు మాత్రం చలి కాచుకునే గదిలోనే ఉంది.

ఊరి ఇళ్ళు చాలావరకు ట్రస్టువే. ఈలా కాలంలో ఆ పల్లె జనం సన్యాసినులకు శిస్తు కట్టారు, తరవాత టంకశాల దొరకు, ఆపైన టాల్బట్‌లకు. ఇప్పుడు ఆ వీధుల్లో కాపురముండేవాళ్ళలో ఎక్కువమంది అద్దె ట్రస్టుకు కడతారు.